‘ఉ’ చూసి ‘ఎ’ అన్న పిల్లవాడు

జూలై మొదటి శనివారం పొద్దున ఎర్రగుంట్ల బస్సు దిగి ముగ్గురు కడపలోని మా ఇంటికి వచ్చారు. తల్లి, జేజి (నాయనమ్మ), అప్పుడే రెండో తరగతిలో అడుగుపెట్టిన పిల్లవాడు. వయసు ఆరేళ్ళ ఎనిమిది నెలలు. పేరు రాయను. ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు, ఇక్కడా అలాగే అంటాను. తండ్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తల్లి పదో తరగతి దాకా చదివింది. జేజికి వేలిముద్రే. ఇంట్లోవాళ్ళు సరేనన్నాకే ఈ కేసు రాస్తున్నాను.

తల్లి కూర్చోకముందే సంచిలోంచి తెలుగు నోటుబుక్కు తీసింది. పేజీ నిండా క గుణింతం, ముత్యాల్లాంటి అక్షరాలు. "మేడం, రాయమంటే అన్నీ రాస్తాడు. అప్పజెప్పమంటే అ నుంచి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. చదవమంటే మాత్రం నోరు పెగలదు. బళ్ళో మొద్దు అనేశారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు."

జేజి మాట వేరే. "వాని కండ్లు బాగుండాయి, చెవులు బాగుండాయి, నోరు తెరిస్తే వీధంతా వినపడతాది. మరి తప్పు యాడుందమ్మా?"

పదకొండేళ్ళుగా చదవడంలో వెనకబడిన పిల్లలతో పని చేస్తున్నాను. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

కండ్లూ చెవులూ బాగున్నాయని జేజి అన్నా, పరీక్ష చేయించకుండా నేను పని మొదలుపెట్టను. జలుబు చేసి చెవి లోపల నీరు నిలిస్తే ప, బ తేడా కూడా సరిగా వినపడదు, అది పైకి చెవుడులా కనపడదు. వారం తర్వాత రెండు రిపోర్టులూ తెచ్చారు. అంతా సవ్యంగానే ఉంది.

ఏం వచ్చు, ఏం రాదు

వర్ణమాల వరసగా అడిగితే ఒక్కటీ తప్పలేదు. అవే అక్షరాలను 40 కార్డుల మీద రాసి, కలిపేసి, ఒక్కొక్కటే చూపించాను. 17 చెప్పాడు. ఆ పదిహేడింట్లోనూ కొన్నింటికి పెదవులు కదుపుతూ "త థ ద ధ న" అని లోపలే పాడుకుంటూ వచ్చి, సరైన చోట ఆగి జవాబు చెప్పాడు. ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల నుంచి మొదలుపెట్టే పిల్లలు ఉంటారు కదా, అట్లా. వాడికి వచ్చింది పాట. అక్షరం ఆ పాటలో ఒక చోటు మాత్రమే.

తప్పు చెప్పినవాటిలో ఒకటి నన్ను పట్టుకుంది. ‘ఉ’ చూపిస్తే ‘ఎ’ అన్నాడు. మూడుసార్లు, మధ్యలో వేరే కార్డులు పెట్టి అడిగాను. మూడుసార్లూ ‘ఎ’ అనే అన్నాడు, తడుముకోకుండా. తెలియక చెప్పే తప్పు ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటుంది. మళ్ళీ మళ్ళీ అదే తప్పు వస్తోందంటే దాని వెనక ఏదో లెక్క ఉన్నట్టే. ఉ, ఎ చూడటానికి ఒకటిగా ఉండవు, వినడానికీ ఒకటిగా ఉండవు. మరి ఎందుకు?

ఇంట్లో గోడకున్న చార్టు ఫొటో ఉందా అని తల్లిని అడిగాను. ఫోన్‌లో చూపించింది. ‘ఉ’ పక్కన ఉల్లిగడ్డ బొమ్మ. మా వైపు ఉల్లి అని ఎవరంటారు? ఎర్రగడ్డ అంటారు. వాడికి చార్టు కొన్నప్పుడు "బొమ్మ చూడు, ఆ మాటలో మొదటి అక్షరమే ఇది" అని చెప్పారు. వాడు బొమ్మ చూశాడు, ఎర్రగడ్డ అనుకున్నాడు, మొదటి శబ్దం ‘ఎ’ తీసుకున్నాడు. చెప్పింది చెప్పినట్టే చేశాడు. మొద్దు అని పేరు పెట్టించుకున్న పిల్లవాడు, ఒక మాటలో మొదటి శబ్దాన్ని విడిగా పట్టుకోగలిగాడన్నమాట. ఆ ఒక్క తప్పు చూశాక నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత ‘కిటికీ’ రాసి చదవమన్నాను. "కకు గుడిస్తే కి, టకు గుడిస్తే టి, కకు గుడి దీర్ఘమిస్తే కీ" అన్నాడు. అన్నీ సరైనవే. కలిపి చెప్పమంటే నా మొహం చూశాడు. కాసేపాగి "టకి?" అన్నాడు. మూడో అక్షరం దగ్గరికి వచ్చేసరికి నోట్లోంచి పన్నెండు పదమూడు శబ్దాలు వెళ్ళిపోయాయి. వాటిలో కావలసినవి మూడే. ఆ మూడింటినీ ఏరి పెట్టుకునే చోటు ఆ చిన్న బుర్రలో మిగల్లేదు.

చివరికి చెవి పని. చప్పట్లు కొడుతూ మాటను విడగొట్టడం బాగా వచ్చు: శె-న-క్కా-య. గోడ, గోలి ఒకేలా మొదలవుతాయని చెప్పగలిగాడు. కా, కి, కు మూడింట్లోనూ ఒకటే ఉన్న శబ్దం ఏదంటే మాత్రం తెల్దు అన్నాడు. ఈ వయసులో అది పెద్ద లోపం కాదు. మన లిపిలో ‘కి’ ఒకే అక్షరం, నోటికీ ఒకే దెబ్బ. దాన్ని క్, ఇ అని రెండుగా వినడం పిల్లలకు నెమ్మదిగానే వస్తుంది. మన లిపికి చెల్లెలు లాంటి కన్నడలో, బడి పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. అక్షరాలన్నీ పట్టుబడటం మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతుందని, శబ్దాలను విడదీసి వినే నేర్పు ఇంకా మెల్లగా వస్తుందని అందులో తేలింది. తల్లికి ఇదే చెప్పాను. 36 హల్లులు అనుకుని గుణింతం 16 చొప్పున వేస్తే 576 రూపాలు, వత్తులు కాకుండానే. ఇంగ్లీషులో 26 అక్షరాలు నేర్చుకునే పిల్లవాడితో పోలిస్తే మన పిల్లవాడి నెత్తిన పెద్ద మూటే ఉంది.

డిస్లెక్సియానా, అంటే తెలివి ఉన్నా చదవడం పట్టుబడని ఇబ్బందా, అని తల్లి భయపడుతూ అడిగింది. ఆరున్నరేళ్ళకు ఆ మాట అంటించడం నాకిష్టం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కిందికి ఈ ఇబ్బంది కూడా వస్తుంది, కానీ ధ్రువపత్రం మొదటిసారి ఇచ్చేది ఎనిమిదేళ్ళకే. అప్పటికీ ఇలాగే ఉంటే పరీక్ష చేయిద్దాం, ఈలోగా సరైన పద్ధతిలో నేర్పి చూద్దాం అన్నాను.

పని

మొదటి రెండు వారాలు చార్టు తీసేయమన్నాను. గుణింతం అప్పజెప్పడం బంద్, రాయడం బంద్. తల్లికి నచ్చలేదు. చదవడం రాదని తీసుకొస్తే ఉన్న చదువూ మానిపిస్తున్నానేంటి అన్నట్టు చూసింది. ఆమె గుణింతం పాడుతూనే నేర్చుకుంది, వచ్చింది. చాలామందికి వస్తుంది, కాదనను. "కకు గుడిస్తే కి" అనే పాట రాసేటప్పుడు చేతికి సాయం చేస్తుంది. చదివేటప్పుడు అదే అడ్డం పడుతుంది. ఈ పిల్లవాడి విషయంలో అడ్డం పడింది.

ఈ రెండు వారాల బడి జేజి చేతిలో పెట్టాను. శెనక్కాయలు వలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పాలి. వాడు ఆ మాటను విడగొడుతూ ఒక్కో ముక్కకు ఒక్కో గింజ పక్కన పెట్టాలి. ఆట అయ్యాక గింజలు వాడివే. రెండో వారం నుంచి పొడుగు, పొట్టి శబ్దాలు. పడు అంటే పడాలి, పాడు అంటే పాడాలి. విడు అంటే చేతిలోది వదలాలి, వీడు అంటే తనను చూపించుకోవాలి. అక్షరం కంటపడకముందే దీర్ఘం చెవికి అందాలని నా ఉద్దేశం. జేజి మూడో వారానికి సొంతంగా ఇరవై మాటలు తయారు చేసుకుంది. నాకు తట్టనివి కూడా అందులో ఉన్నాయి.

ఒక సందేహం తెచ్చింది. "అమ్మ అంటే వాడు అమ్-మ అని రెండు గింజలు పెడతాండాడు. వాళ్ళమ్మేమో అ-మ్మ అనాలంటాది. యాది కరెక్టు?" రెండూ రెండు గింజలే కదా, వదిలేయమన్నాను. నోరు విరిచే చోటు వేరు, లిపి విరిచే చోటు వేరు. మనం అమ్-మ అని పలికి అ-మ్మ అని రాస్తాం. వత్తులు వచ్చినప్పుడు ఈ తేడా తప్పక ఇబ్బంది పెడుతుంది. దాని సంగతి అప్పుడే చూడాలి.

మూడో వారం అక్షరాలు తెచ్చాను. ఐదంటే ఐదు: త, ల, క, ప, న. వర్ణమాల వరస పట్టించుకోలేదు. చూపుకు ఒకదానికొకటి దూరంగా ఉండాలి, కలిపితే వెంటనే మాటలు రావాలి. ప తెచ్చినప్పుడు వ, మ, ష దగ్గరికి రానివ్వలేదు. ఈ ఐదుతోనే తల, కల, పలక వస్తాయి. దీర్ఘం చేరిస్తే తాత, పాప, పాక. కొమ్ము చేరిస్తే పాలు, కాలు, తలుపు, నాలుక, కానుక. ఐదు అక్షరాలు, రెండు గుర్తులు, అన్నీ ఇంట్లో వినపడే మాటలు. ఙ, ఞ, ఝ, ఌ లాంటివి ముందే నేర్పి పిల్లల బుర్ర ఎందుకు నింపుతామో నాకు ఎప్పటికీ అర్థం కాదు. వాటితో ఆరేళ్ళ పిల్లవాడు చదవగల మాట ఒక్కటి చూపించండి.

చదివే పద్ధతికి నియమం ఒకటే. గుర్తు పేరు నోట రాకూడదు. ‘కాలు’ చూస్తే "కకు దీర్ఘమిస్తే" అనకుండా వేలు కింద జరుపుతూ కాఆఆ అని సాగదీసి, ఆపకుండా లులోకి జారాలి. రెండు ముక్కల మధ్య ఊపిరి తెగకూడదు. ఊపిరి తెగితే మాట తెగుతుంది. మొదటిసారి కాఆఆలు అని తన నోటితో తనే విని, ఒక్కసారిగా కిందికి వంగి తన కాలు పట్టుకున్నాడు. తల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేనేమీ అనలేదు, ఆమే కొంగు కళ్ళకు అద్దుకుంది.

నాలుగో వారం నేనొక పొరపాటు చేశాను. గుడి నేర్పుతూ, తలకట్టే ‘అ’ శబ్దం, అది తీసేసి గుడి పెడితే ‘ఇ’ వస్తుంది అని చెప్పాను. వినడానికి ఎంత బాగుంటుందో! క మీద తలకట్టు చెరిపి, గుడి పెట్టి చూపించాను కూడా. చిన్నోడు బల్ల మీది ల కార్డు లాక్కున్నాడు. "మేడం, దీనికి తలకట్టు లేదు. మరి దీంట్లో అ యాడుండాది?"

నిజమే. ల, ట, జ, బ, ణ లకు తలకట్టు ఉండదు. పైగా ‘కు’లో తలకట్టు పోదు, కానీ ‘అ’ పోతుంది. నేను చెప్పిన సూత్రం క, త ల దాకా బాగానే ఉంటుంది, ఆ పైన నిలవదు. "నువ్వు చెప్పిందే కరెక్టు నాయనా, నేను తప్పు చెప్పాను" అన్నాను. నెల కిందట అక్షరాన్ని పాటలో చోటుగా చూసిన పిల్లవాడు ఇప్పుడు దాని తలమీద ఏముందో, ఏం లేదో చూస్తున్నాడు.

తర్వాత సూత్రం మానేసి నోటిని పట్టుకున్నాను. చేతిలో చిన్న అద్దం. దీర్ఘం వస్తే దవడ కిందికి, గుడి వస్తే పెదవులు పక్కలకు, కొమ్ము వస్తే పెదవులు గుండ్రంగా. గుర్తు కనపడగానే నోరు ఆ ఆకారానికి రావాలి, అంతే. ఇది ల కైనా క కైనా ఒకటే.

అట్ట కార్డులు చెమట చేతుల్లో నలిగిపోతున్నాయని తండ్రి విన్నాడు. ఫ్యాక్టరీలో పారేసే తునకల్లోంచి అరచేయంత నాపబండ ముక్కలు 30 కోయించి, అంచులు అరగదీయించి పంపాడు. నల్లటి నున్నటి రాయి. సుద్దముక్కతో రాస్తే అక్షరం మెరుస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. క అలాగే ఉంచి గుర్తు మాత్రం తుడిచి ఇంకోటి పెట్టొచ్చు. కా, కి, కు పక్కపక్కనే పెట్టి మూడింట్లోనూ చెక్కుచెదరని భాగం ఏదో వేలితో చూపించమంటే, ఆరో వారానికి చూపించాడు. నోటితోనూ చెప్పాడు: "క్". జూలైలో తెల్దు అన్న ప్రశ్నకు జవాబు చెవి కన్నా ముందు కంటికి దొరికింది. బండ మీద తెలుగు రాయడం వాళ్ళ మండలానికి కొత్తేమీ కాదు. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన కలమళ్ళ శాసనం, క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనం, ఎర్రగుంట్ల మండలంలోదే. జేజికి ఈ సంగతి చెప్తే, "అయితే మా రాళ్ళకు మొదట్నుంచీ సదువు వచ్చునన్నమాట" అంది.

‘ఉ’ సంగతీ చెప్పాలి. ఉతో మొదలయ్యే మాటలు ఇంట్లోవే చెప్పమంటే జేజి ఉప్పు, ఉలవలు, ఉరుము, ఉగ్గాని (బొరుగులతో చేసే టిఫిన్) అంది. చిన్నోడు ఉగ్గాని ఎంచుకున్నాడు. తనే ప్లేటు బొమ్మ వేసి పక్కన ఉ రాసుకున్నాడు. ‘ఎ’కు ఎర్రగడ్డ బొమ్మ. ఆ వారం తర్వాత ఈ రెండూ మళ్ళీ తారుమారు కాలేదు. చార్టులు అచ్చు వేసేవాళ్ళకు కడప యాస తెలియాలని కాదు నేననేది. బొమ్మ చూపించినప్పుడు పిల్లవాడు దాన్ని ఏమంటాడో ముందు వినాలి.

ఆగస్టు మధ్యలో డ చేర్చాను. ఆ శనివారం మా వీధి మొగలో బస్సు ఆగితే, ముందు బోర్డు చూసి "క...డ...ప. కడప!" అని అరిచాడు. గుడి లేదు, కొమ్ము లేదు, వత్తు లేదు. మా ఊరి పేరు ఇంత సులువని నేనూ అప్పుడే గమనించాను. తర్వాత ఒక వారం పాటు అంగడి బోర్డుల మీద, ఫోన్ రీచార్జి షాపు మీద, కరపత్రాల మీద ఎక్కడ కడప కనపడినా చదివాడట.

సెప్టెంబరులో జ్వరం, ఆ వెంటనే ఇంట్లో పెళ్ళి. మూడు వారాలు రాలేదు. వచ్చేసరికి గుడి, గుడి దీర్ఘం కలగలిసిపోయాయి. కొత్తవి ఆపి వెనక్కి వెళ్ళాం, పది రోజుల్లో సర్దుకుంది. ఆ తర్వాత వ, మ తెచ్చినప్పుడు ‘ఆవు’ను ‘ఆమ’ అని చదివాడు. ఆ తప్పులో కూడా చూపు ఉంది. మిగతా అక్షరాలకు పెట్టినట్టే వకు కొమ్ము పెడితే అది మ అయి కూర్చుంటుంది. అందుకే వు, పు లలో కొమ్ము కిందికి దిగి ఉంటుంది. రెండు బండల మీద రెండూ రాసి పక్కపక్కన పెట్టాను. కాసేపు చూసి, "దీని కొమ్ము కిందికి జారింది" అన్నాడు. నేనింకేమీ వివరించలేదు.

‘చెట్టు’ను సెట్టు అని చదివితే బళ్ళో తప్పు కొడుతున్నారని తల్లి చెప్పింది. నా దృష్టిలో అది చదవడంలో తప్పు కాదు. చె చూశాడు, వాళ్ళింట్లో చె పలికినట్టు పలికాడు. మధ్యలో ఆపి దిద్దితే మాట చదివిన సంతోషం పోతుంది. రాసేటప్పుడు మాత్రం "పుస్తకంలో చెట్టుకు చ" అని విడిగా చెప్పాను. బడికి ఒక ఉత్తరం రాసిచ్చాను, ఆరు వారాలు క్లాసులో నిలబెట్టి చదివించవద్దని. ఒప్పుకున్నారు. ఇంగ్లీషును అప్పటిదాకా ముట్టుకోలేదు. అక్టోబరులో ఎమ్ అనే పేరు పక్కనబెట్టి మ్ శబ్దం చూపిస్తే, "మన మకు అ తీసేసినట్టు" అన్నాడు.

అక్టోబరు చివరికి

22 హల్లులు, తలకట్టు నుంచి ఏత్వం దాకా గుర్తులు, సున్న వచ్చాయి. 40 కార్డులు కలిపి మళ్ళీ చూపిస్తే 34 చెప్పాడు, లోపల పాడుకోకుండా. మిగిలిన ఆరూ ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాలూ అరుదైనవీ, వాటికి తొందర లేదు. వత్తు లేని మాటలతో నేను రాసిన నాలుగు వాక్యాల కథ మెల్లగా, వేలు పెట్టుకుని, అర్థం చెప్తూ చదివాడు. వేగం ఇంకా రాలేదు. ‘గుడ్డు’ను ‘గుడు’ అంటాడు. బళ్ళో తెలుగు మార్కులు పెద్దగా మారలేదు, ఎందుకంటే అక్కడి పాఠాల నిండా వత్తులే. తల్లికి ఆ దిగులు ఉంది. మూడో తరగతి అయ్యేసరికి ధారాళంగా చదవాలన్నదే నిపుణ్ భారత్ అనే కేంద్ర కార్యక్రమం 2021లో దేశమంతటికీ పెట్టిన గడువు, మనకింకా టైముందని చెప్పాను. ఎనిమిదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకోసారి చూస్తానని రాసుకున్నాను.

చివరి శనివారం వాళ్ళను బస్సు ఎక్కించడానికి మొగ దాకా వెళ్ళాను. బస్సు వచ్చింది. అందరూ ఎక్కుతుంటే చిన్నోడు జేజి చెయ్యి విడిపించుకుని బోర్డు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. వేలు గాల్లోనే జరుపుతూ "ఎ... ర... గుం... ట" అన్నాడు.

"మన ఊరేరా, ఎక్కు" అంది జేజి.

"మన ఊరే జేజీ, ఎర్రగడ్డలో ఎ" అని నా వైపు తిరిగాడు. "మేడం, ర కింద, ట కింద ఇంగా ఏందో ఉండాయి. అవి నాకు చెప్పలేదు."

వచ్చే శనివారం చెప్తానన్నాను. ఇంటికొచ్చి బండ ముక్క కడిగి దాని మీద ‘ర్ర’ రాసి పెట్టాను.